గ్రామసభలలో విజ్ఞానోపన్యాసములు

తెలిసినవాఁడు తెలియనివానికిఁ జెప్పుటయే విజ్ఞానోపన్యాసమని మనవారిలోఁ బెక్కండ్రు తలంచుచున్నారు. లోప మా తలంపులోనే యున్నదని నా యభిప్రాయము. పురాణము చెప్పువాఁడు “నమ్ముఁడు” అనును. శాస్త్రము చెప్పువాఁడు “చూడుఁడు” అనవలయును. ఈ భేదమును మఱచిన యుపన్యాసము, అందలి విషయ మెంత సత్యమైనను, శాస్త్రము గాదు; వేషము మార్చుకొన్న పురాణమే.

తెలుఁగునాట నీ ప్రయత్నము నిన్న మొన్న నారంభమైనది కాదు. 1906లో హైదరాబాదునఁ గొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు మిత్రులతోఁ గూడి విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము మొదలగు గ్రంథములను బ్రకటించి, దేశభాషలో భౌతికశాస్త్రములను జెప్పవచ్చునా యను సందేహమును ఆ మండలి తీర్చెను. అయినను గ్రంథము చదువనేర్చినవానినే చేరును. చదువనేరనివానిని జేరవలసినది యుపన్యాసము. 1988లో నేర్పడిన జనవిజ్ఞానవేదిక వంటి సంస్థలు ఆ భారమును వహించి పల్లెలకుఁ బోయినవి. ఈ కృషిని దక్కువ చేయుట నా యుద్దేశము గాదు. గౌరవింపఁదగిన పనినే విమర్శింపవలయును; తక్కినదానిని విమర్శించి ప్రయోజనమేమి?

మా ప్రాంతమున కీ విషయమున నొక ప్రత్యేకత గలదు. ఇబ్రహీంపట్నము వైపున జాపాల్, రంగాపూర్ గ్రామములచెంత ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు వేధశాలను నిర్మించి, 1968లో నందు 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పిరి. 1980 ఫిబ్రవరి 16వ తేది శనివారము అపరాహ్ణమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక తీరమునఁ బ్రవేశించి, తెలంగాణము మీఁదుగా ఒరిస్సా తీరమువఱకు సాగెను. సుమారు రెండు నిమిషముల యా చీఁకటికొఱకు స్వదేశ విదేశ శాస్త్రజ్ఞులు ఈ వేధశాలకు వచ్చి కాచుకొనిరి. ఆ సమయముననే చుట్టుపట్ల జనులు తలుపులు బిగించుకొని లోపలఁ గూర్చుండిరి. వీథులు నిర్మానుష్యములయ్యెను. జనులు వెలికి రాకుండుటకై దూరదర్శనమువారు చలనచిత్రము నొకదానిని ప్రసారము చేసిరి. సూర్యుని నేరుగాఁ జూచినఁ గన్నులు చెడునని శాస్త్రజ్ఞులు హెచ్చరించుట సరియే. రాహువు పట్టెను గావున వెలికి రాఁగూడదని పెద్దలు నిషేధించుట యనాదిగా నున్నదే. ఈ రెండును గలసి ప్రజల చెవికి నొకే మాటయై వినఁబడెను. ఎట్లు చూడవలయునో చెప్పువారు కఱవైరి. దూరదేశములవారు సముద్రములు దాఁటి చూడవచ్చినదానిని ఇంటివారు చూడలేకపోయిరి. వేధశాల యొకటి చెంత నుండుట వేఱు, విజ్ఞానము చెంత నుండుట వేఱు.

నలువది రెండేండ్లు గడచినవి. 2022 అక్టోబరు 25వ తేదిని, దీపావళి మఱునాఁడు, సూర్యాస్తమయవేళఁ బాక్షికగ్రహణము పట్టెను. దానికిఁ గొలఁది దినములముందు జల్‌పల్లిలో నొక బడి యావరణమున సభ జరిగెను. ఉపన్యాసకుఁడు విద్వాంసుఁడు, చిత్రములును జక్కనివి. ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ, కక్ష్యాతలము, పాతబిందువు అను మాటలు ధారగా నడచినవి. ముగిసినపిదప నొక ముసలమ్మ లేచి, “సారూ, గిదంత మంచిగనే ఉన్నది గని, గ్రహణం పట్టినప్పుడు రోకలి నిలవడ్తది గద, అదెట్ల? మా కోడలికి ఎనిమిదో నెల. ఆ పొద్దు అన్నం పెట్టాల్నా, వద్దా?” అని యడిగెను. ఉపన్యాసకుఁడు నవ్వి, “అవన్నియు మూఢనమ్మకములమ్మా” యని తరువాతి ప్రశ్నకుఁ బోయెను. సభవారును నవ్విరి. ఆమె కొంగు సవరించుకొని వెడలిపోయెను. ఆ కోడలు గ్రహణమునాఁ డుదయము మొదలు దీపములవేళ దాఁక మంచినీరైనను ముట్టలేదని తరువాత నామె మనుమని వలన వింటిని. వాఁడు నా శిష్యుఁడు.

ఆ సభలో నాలుగు వాక్యములలోనే నిజమైన శాస్త్రప్రశ్న నడిగినది ఆ ముసలమ్మ యొక్కతెయే. ఆమె తాను గన్నులారఁ జూచినదానికిఁ గారణ మడిగెను. అది పరీక్షింపఁదగిన ప్రశ్న. “రోకలిని, నీళ్లపళ్లెమును దెప్పింపుఁడు, గ్రహణము లేని యీ దినముననే నిలిపి చూతము” అనినచోఁ జాలియుండెడిది. అడుగు చదునైన రోకలి, తన బరువు ఆ యడుగుమీఁదనే నిలువునఁ బడునట్లు ఓపికతో నిలిపినచో, ఏ దినమునైనను నిలుచును. గ్రహణమునాఁడే నిలుచునని తోఁచుటకుఁ గారణ మొక్కటే: తక్కిన దినములలో నెవరును నిలిపి చూడరు! ఆ ముసలమ్మ చేతితోనే యది నిలిచియున్నచో, వంద చిత్రములు చేయలేని పనిని ఆ రోకలి చేసియుండును.

అన్నము చెడుట యన్నచో, దర్భ వేసిన గిన్నెయు వేయని గిన్నెయుఁ బక్కపక్కన నుంచి చూడుమనవచ్చును. గర్భిణి విషయమున మాత్రము ప్రయోగము తగదు. నీడవలన గర్భమునకు హాని లేదు, ఆఁకలి దప్పులవలననే కలదు, వేళకు అన్నము పెట్టుమని నిండుమాటగాఁ జెప్పవలయును. చూచు నుపాయమును వారి యింటనే యున్నది. జల్లెడను ఎండ కెదురుగాఁ బట్టినచో, గోడమీఁదఁ బడు వెలుఁగుచుక్క లన్నియు గ్రహణవేళ నెలవంకలగును. కన్నులకు నపాయము లేదు, కాసు ఖర్చు లేదు.

ఇంగ్లండులో మైకేల్ ఫారడే బాలురకుఁ గొవ్వొత్తి నొకదానిని జూపి రసాయనశాస్త్ర మంతయు బోధించెను. 1861లో నా యుపన్యాసములు గ్రంథముగా వెలువడినవి. ఆయన గొప్పతనము కొవ్వొత్తిలో లేదు. వినువాని యింటనున్న వస్తువునుండి మొదలిడుటలో నున్నది. మన కొవ్వొత్తి రోకలియే.

గ్రహణవేళ బహిరంగముగా భుజించి చూపు హేతువాదులు కొందఱున్నారు. వారి ధైర్యము మెచ్చఁదగినదే. అయినను జూచువాఁడు “వారికేమియుఁ గాలేదు, మనకగునేమో” యని యింటికిఁ బోయి తలుపు మూయును. సవాలు వెఱపును గొంత చెదరఁగొట్టును, కారణమును జూపదు.

సంస్కృతము చదివినవాఁడను గావున నింకొక మాట చెప్పక తప్పదు. గ్రహణము నీడల వలననే కలుగునని 499 ప్రాంతమున ఆర్యభటుఁడు చెప్పెను. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో రాహువాదమును ఖండించెను. మన పంచాంగకర్తలు గ్రహణకాలమును నీడల గణితముతోనే కట్టి, ఫలమును మాత్రము రాహువు పేర వ్రాయుచు వచ్చిరి. లెక్క యొకచోటను నమ్మక మొకచోటను నిలిచిపోయినవి. సత్యము శ్లోకములో భద్రముగా నుండెను. ఊరికి మాత్రము రాలేదు. నేఁటి ప్రచ్ఛాయోపచ్ఛాయలును అట్టి శ్లోకములే. ఈ వ్యాసము వ్రాయుచున్న నా భాషయు నా దోషమునకు వెలియైనది కాదు.

ఉపన్యాసకుల నిట్లు తప్పుపట్టుటకు నాకేమి యర్హత యని పాఠకు లడుగవచ్చును. ఆ సభలో వందనసమర్పణ చేసినవాఁడను నేనే. ఉపన్యాసము మిక్కిలి జనరంజకముగా నున్నదని పొగడితిని. ముసలమ్మ లేచి వెడలుట చూచియు నామెను బిలువనైతిని. ఇఁకమీఁద మా బడిలో నెవ్వరుపన్యసించినను, బల్లమీఁద నొక రోకలియు నొక పళ్లెమును ముందుగా నుంచుదును. మొదటి ప్రశ్న నడుగు నధికారము ముసలమ్మలకే యిత్తును.