తూటా వెనక పనివాడు

నరభక్షక పులుల వేటగాడు జిమ్ కార్బెట్ పేరుతో కలిసి వినిపించే రైఫిళ్ళు రెండు. ఒకటి రిగ్బీ కంపెనీ .275. చంపావత్ ఆడపులిని 1907లో మట్టుబెట్టినందుకు, అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు బహూకరించినది. రెండోది జెఫ్రీ కంపెనీ .450/400, జంట గొట్టాలది. మొదటిదాని గుండు సుమారు 9 గ్రాములు, సెకనుకు 820 మీటర్ల వేగంతో పోతుంది. రెండోదాని గుండు దాదాపు 26 గ్రాములు, వేగం 650 మీటర్లు. లెక్క కడితే రెండోదాని దెబ్బలో శక్తి మొదటిదానికి సుమారు 1.8 రెట్లు. వేటగాళ్ళు నూరేళ్ళకు పైగా వాదులాడుకుంటున్నది ఇలాంటి లెక్కల మీదే. చిన్న గుండు వేగమా, పెద్ద గుండు బరువా?

ఆ వాదనకు కార్బెట్ జీవితంలోనే ఒక విచిత్రమైన జవాబుంది. 1930లో చౌగఢ్ ఆడపులి ఆయనకు ఎదురుపడినప్పుడు ఎడమ చేతిలో పక్షి గుడ్లున్నాయి, కుడి చేతిలో తేలికపాటి రైఫిలుంది. పులి కళ్ళల్లోకి చూస్తూ, ఒంటిచేత్తో గొట్టాన్ని ముప్పావు చుట్టు అంగుళం అంగుళం తిప్పి కాల్చాడు. బరువైన రైఫిలైతే ఆ పని సాగేది కాదని ఆయన లెక్క. అక్కడ పనికొచ్చింది గుండు శక్తి కాదు, తుపాకి తేలికదనం. తర్వాత ఆ గుడ్లను తిరిగి తీసిన చోటే పెట్టి వచ్చాడనుకోండి, అది వేరే ముచ్చట.

ఇదే .275తో స్కాట్లాండు వాడైన డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వందలాది ఏనుగుల్ని చంపాడు. ఆ సంఖ్యను మెచ్చుకోవడం నావల్ల కాదు. మెచ్చుకోదగ్గది ఆయన పరిశీలన. ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడుంటుందో, ఏ కోణంలో ఎంత ఎముక అడ్డొస్తుందో చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన వెతుక్కున్నవి రెండే: ఎముకలో వంగకుండా తిన్నగా పోయే పొడవాటి గుండు, ప్రతిసారీ తప్పకుండా పేలే తూటా. ఆ రెండో గుణం కోసమే జర్మనీలో తయారైన తూటాలకు కట్టుబడ్డాడు. అంటే ఆయన నమ్మకమంతా రైఫిలు మీద చెక్కిన అంకె మీద కాదు, ఎక్కడో కర్మాగారంలో ఇత్తడిని సాగదీసినవాడి మీద.

అసలా అంకెలు ఎంత గందరగోళమో చూడండి. .275 రిగ్బీ అని లండన్‌లో అమ్మినది జర్మనీలో మౌజర్ 1892లో తెచ్చిన 7×57 తూటానే. గొట్టం లోపల మరలాగా తిరిగే గాళ్ళుంటాయి కదా, ఆ గాళ్ళ నడుమ ఎత్తుల మధ్య కొలత 7 మిల్లీమీటర్లు, అంటే సుమారు 0.275 అంగుళాలు. గాళ్ళలోకి ఒరుసుకుపోయే గుండు కొలత మాత్రం 0.284. ఇక .450/400 అంటే .450 తూటా కేసును మూతి దగ్గర నొక్కి .400 గుండు పట్టేలా చేసినదని అర్థం. .465, .470, .475 అనే అంకెలు ఒక్కసారిగా పుట్టుకురావడానికి కారణం భౌతికశాస్త్రం కాదు, మన దేశంలో బ్రిటిష్ వాళ్ళ భయం. పాత మార్టిని-హెన్రీ సైనిక రైఫిళ్ళు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయని, .450 తూటాలు వాటికి పనికొస్తాయని, గత శతాబ్దపు మొదటి దశాబ్దంలో ఇండియాలోకీ సూడాన్‌లోకీ .450 సరుకు రాకుండా ఆపారు. తుపాకులు చేసేవాళ్ళు ఊరుకుంటారా? నాలుగు వెంట్రుకల వాసి పెంచి కొత్త తూటాలు పుట్టించారు. వాటిలో .470 ఈనాటికీ బతికుంది.

మన ప్రాంతపు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ ఈ ఇంగ్లీషు వైభవం జోలికి పోలేదు. ఆయన 1910లో బొల్లారంలో పుట్టాడు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో పులి వెంట తిరిగిన కథ రాశాడు. చేతిలో ఉన్నది .405 వించెస్టర్, అమెరికా వాళ్ళ 1895 మోడల్. ట్రిగ్గరు కింద ఉన్న లీవరును కిందికి తోసి పైకి గుంజితే తూటా మారిపోతుంది. 19 గ్రాముల గుండు, మెడ లేని తిన్నని ఇత్తడి కేసు. నాజూకుతనమేమీ లేని తూటా అది, అయినా పని జరిగింది.

ఇంతకీ నేను మనసు పారేసుకున్నది ఈ రైఫిళ్ళలో దేనిమీదా కాదు. పేలిన తర్వాత ఎగిరి నేల మీద పడే ఆ ఖాళీ ఇత్తడి కేసు మీద.

నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. రేకులోంచి చిన్న గిన్నెలా నొక్కి, దాన్ని అచ్చులోంచి మళ్ళీ మళ్ళీ దూర్చి పొడుగ్గా సాగదీస్తారు. ఇత్తడిని ఎంత కొడితే అంత గట్టిపడుతుందని పెంబర్తి కంచరులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గట్టిపడ్డాక కొలిమిలో పెట్టి మెత్తబరచకపోతే పగులుతుంది. తూటా కేసులో ఈ గట్టిదనాన్ని చోటుచోటుకూ మార్చి పెడతారు. అడుగు మందంగా, బాగా గట్టిగా ఉండాలి. నడుము కొంత సాగాలి. మెడ మెత్తగా ఉండి గుండును పట్టుకోవాలి. అందుకే కొత్త సైనిక తూటా మెడ చుట్టూ మంట తగిలిన నీలి, పసుపు చారలు కనబడతాయి. అది మరక కాదు, పని జరిగిందనడానికి ముద్ర.

ఆ ముద్ర విలువ మన దేశపు వానాకాలంలోనే తేలింది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం ఇక్కడ గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాలు వర్షాకాలం వచ్చేసరికి మెడల దగ్గర చిట్లిపోయేవి. కారణం శాస్త్రీయంగా తేలడానికి 1921 దాకా పట్టింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా ఒక పక్క, సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు ఇంకో పక్క. రెండూ కలిస్తేనే పగులు. బిగువును వేడితో సడలిస్తే సరి.

ఇక ఆ కేసు చేసే పని. సెకనులో వెయ్యో వంతులో ముగిసే వ్యవహారమది. మందు అంటుకోగానే చదరపు అంగుళానికి దాదాపు 50 వేల పౌన్ల ఒత్తిడి పుడుతుంది. ఇత్తడి ఉబ్బి, తూటా కూర్చునే ఉక్కు గది గోడలకు అతుక్కుపోయి, ఒక్క పిసరు వాయువును కూడా కాల్చేవాడి ముఖం వైపు రానివ్వదు. గుండు బయటపడి ఒత్తిడి పడిపోగానే ముడుచుకుని గోడను వదిలేస్తుంది. అతుక్కోవాలి, వదలాలి. వదలకపోతే రెండో తూటా ఎక్కదు. ఎదురుగా పులి ఉన్నవాడికి అది ఎంతటి మాటో ఊహించుకోవచ్చు.

ఎండ ఈ లెక్కను తారుమారు చేస్తుంది. ఆనాటి మందు కార్డైటు నైట్రోగ్లిజరిను, గన్‌కాటను, కొంచెం వాజిలీను కలిపి సేమ్యాలా తీసిన పోగులు. .303 తూటాలోనైతే ఆ పోగుల కట్టను ముందే పెట్టి, తర్వాత కేసు మెడను సన్నగా నొక్కేవారు. ఈ మందు ఇంగ్లండు చలిలో ఒక తీరుగా, మన వేసవిలో ఇంకో తీరుగా మండుతుంది. వేడికి ఒత్తిడి పెరిగి కేసు గదిలో ఇరుక్కునేది. అందుకని ఉష్ణదేశాలకు పంపే తూటాల్లో మందు కాస్త తగ్గించేవాళ్ళు. రిగ్బీ వాళ్ళు 1911లో తెచ్చిన .416 ఇంకా తెలివైన జవాబు. కేసును కావాలని విశాలంగా చేసి, తక్కువ ఒత్తిడితోనే కావలసిన వేగం రాబట్టారు. బయటికి అతిగా కనిపించే ఆ లావు వెనక ఉన్నది ఎండను ముందే లెక్కలోకి తీసుకున్న బుర్ర.

ఖాళీ కేసును మళ్ళీ తూటాగా చేసుకునే పని అమెరికా, బ్రిటన్, ఆఫ్రికా దేశాల్లో వేటగాళ్ళు ఇంటి బల్లల మీద చేసుకుంటారు. (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేట కథ ముగిసింది.) అడుగున మందును రగిలించే చిన్న బిళ్ళను, అంటే వాడిన ప్రైమరును తోసేసి, కేసుకు సన్నగా నూనె పూసి, ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తారు. సాగిన మూతిని కత్తిరించి, అంచు నునుపు చేస్తారు. కొత్త ప్రైమరు, తూచిన మందు, ఆపైన గుండు. తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిను అంటే 65 మిల్లీగ్రాములు, మన కంసాలి తూచే గురిగింజలో ఇంచుమించు సగం.

చేయి తిరిగినవాడి నేర్పు కనిపించేది తూకంలో కాదు, తనిఖీలో. .275 లాంటి అంచులేని తూటా గదిలో భుజం, అంటే మెడ కింది వాలు, ఆనించి నిలబడుతుంది. అచ్చును అవసరాన్ని మించి కిందికి దింపితే ఆ భుజం వెనక్కి పోతుంది. కాల్చిన ప్రతిసారీ కేసు అడుగుకు కొంచెం పైన సాగుతుంది. నాలుగైదుసార్లయ్యాక అక్కడ సన్నటి మెరిసే గీత కనిపిస్తుంది. ఇంకోసారి కాలిస్తే కేసు రెండుగా తెగి సగం గదిలోనే ఉండిపోవచ్చు. గీత బయటపడక ముందే పసిగట్టడానికి, మొన వంచిన సన్నటి తీగను లోపలికి దించి గోడను తడుముతారు. గోడ పలచబడిన చోట తీగ చిన్న గుంతలో తట్టుకుంటుంది. కళ్ళకు దొరకనిది వేలి కొసకు దొరుకుతుంది. అలాంటి కేసును మొహమాటపడకుండా పారేసేవాడే అసలు పనివాడు.

ప్రైమర్ల సంగతి ఓ తమాషా. అమెరికా వాడు హైరం బెర్డాన్ రూపొందించిన పద్ధతిని యూరపు పట్టుకుంది. ఇంగ్లీషు వాడు ఎడ్వర్డ్ బాక్సర్ పద్ధతి అమెరికాలో స్థిరపడింది. బాక్సర్ కేసు అడుగు మధ్యలో ఒకే రంధ్రం, సూదితో తోస్తే ప్రైమరు ఊడుతుంది. బెర్డాన్‌కు పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు, తోయడం కుదరదు. బర్మింగ్‌హాం కైనాక్ కంపెనీ పాత పెద్ద తూటాలు బెర్డాన్ రకం. ఆ కంపెనీ 1970 ప్రాంతంలో వాటిని చేయడం మానేసేసరికి, ఒక్కొక్కటి ఒక ఇల్లంత ఖరీదు చేసే జంట గొట్టాల రైఫిళ్ళు మూగబోయాయి. వాటిని తిరిగి పలికించింది చాలావరకు ఈ బల్లల దగ్గరి మనుషులే. వేరే తూటాల కేసులను కోసి, నొక్కి, చెక్కి సరిపెట్టారు.

వాళ్ళకు ఎదురైన చిక్కుముడి గురించి చెప్పకుండా ఉండలేను. జంట గొట్టాల రైఫిల్లో గొట్టాలు సమాంతరంగా ఉండవు, మూతుల వైపు కొద్దిగా దగ్గరవుతాయి. కుడి గొట్టం పేలినప్పుడు ఆ కుదుపుకు రైఫిలు పైకీ కుడికీ తిరుగుతుంది, ఎడమది పేలితే ఎడమకు. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది. కాబట్టి గురి పెట్టిన దిక్కు ఒకటి, గుండు బయటపడే దిక్కు ఒకటి. ఈ తేడాను సరిచేసే పనివాడు కాల్చి చూస్తాడు, మూతుల మధ్య టంకాన్ని కరిగిస్తాడు, చిన్న చీలను వెంట్రుకవాసి జరుపుతాడు, మళ్ళీ కాలుస్తాడు. రెండు గుండ్లూ ఒకేచోట పడేదాకా అదే వరస. అంటే ఆ రైఫిలు ఒక బరువు గుండుకు, ఒక వేగానికి, ఒక మందుకు అతికించబడి ఉంటుంది. ఆ తూటా పోయిందంటే ఆ పని అర్థం కూడా పోయినట్టే.

ఇప్పటి వాడి చేతిలో కార్డైటు లేదు, ఆ పనివాడూ లేడు. అతను తిరగేసి చదవాలి. మందు తక్కువై గుండు నెమ్మదిగా పోతే, గొట్టం ఎక్కువసేపు పక్కకు తిరుగుతుంది, దెబ్బలు విడిపోతాయి. వేగం మితిమీరితే కుడిది ఎడమకూ ఎడమది కుడికీ దాటిపోతాయి. గురిపలక మీద రెండు రంధ్రాల మధ్య దూరమే నూరేళ్ళ కిందటి మనిషి వదిలి వెళ్ళిన ఏకైక సూచన. పెద్ద కేసులో కొత్త మందు సగమే నిండి అటూ ఇటూ దొర్లుతుంటే, పైన తేలికపాటి నురుగు ముక్కను కూరి దాన్ని అడుగునే నిలుపుతారు. తుపాకికి ప్రమాదం రాని హద్దు లోపలే, తూకాన్ని కొంచెం కొంచెం మార్చుకుంటూ పోతారు.

చివరికి రెండు రంధ్రాలూ పక్కపక్కన పడ్డ రోజున ఆ తూకాన్ని నోటు పుస్తకంలో రైఫిలు నంబరు వేసి మరీ రాసుకుంటారు. ఎందుకంటే అదే కంపెనీ, అదే కొలత, వరస నంబరు రైఫిలైనా ఆ లెక్క దానికి పనికిరాదు.