తీసేస్తే వచ్చే వేగం

రిమోట్‌తో నడిచే రేసింగ్ పడవకు ప్రాప్ (ప్రొపెల్లర్) కొనేవాళ్ళు ముందు చూసేది దాని అంకె. అమెరికాకు చెందిన ఆక్టురా కంపెనీ ప్రాప్ ఎక్స్442నే తీసుకోండి. మొదటి 4 పిచ్‌ని చెబుతుంది: వ్యాసానికి 1.4 రెట్లు. వెనకున్న 42 వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండూ గుణిస్తే 58.8. నట్టులో బోల్టు తిరిగినట్టు ఈ ప్రాప్ నీళ్ళలో ఏమాత్రం జారకుండా తిరిగితే చుట్టుకు 58.8 మిల్లీమీటర్లు ముందుకు పోతుందని అర్థం. ఎక్స్642 అయితే వ్యాసం అదే, పిచ్ 1.6 రెట్లు, చుట్టుకు 67 మిల్లీమీటర్లు. కేటలాగు చెప్పేది ఇంతే. ఆ పైనదంతా చేతిపని.

ఆ పనిని నేను దగ్గరగా చూసింది హైదరాబాద్ తార్నాకలో, మేడ మీది ఒంటిగదిలో. అందులో అద్దెకుండే కుర్రాడు ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చదువుతున్నాడు. 1929లో మొదలై, 1947లో క్యాంపస్‌లోని ఇప్పటి భవనంలోకి వచ్చిన కాలేజీ అది. తోటివాళ్ళు ఫ్లూయిడ్ మెకానిక్స్‌ని పుస్తకంలో చదువుతుంటే ఇతను ఆకురాయితో కూడా చదువుతున్నాడు. కిటికీ పక్క బల్ల మీద మూడు ప్రాప్‌లు వరసగా పెట్టాడు: ఎక్స్440, ఎక్స్442, ఎక్స్642. మూడూ బెరీలియం కలిసిన రాగి పోతలు. పోత నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి, అంచులు మొద్దుగా, రెక్కల మీద గరుకు కనిపిస్తూ.

"నీళ్ళ మీద ఆడేది ఐదు నిమిషాలే సార్. కథంతా ఈ బల్ల మీదనే," అన్నాడు.

అతని పడవ హైడ్రోప్లేన్. వేగం అందుకున్నాక మూడే మూడు చోట్ల నీటిని తాకుతుంది: ముందు రెండు పక్కలా పొడుచుకొచ్చే స్పాన్సన్లు, వెనక ప్రాప్. 1950 జూన్‌లో సియాటిల్‌లోని లేక్ వాషింగ్టన్ మీద స్లో-మో-షన్ 4 అనే పడవ గంటకు 160 మైళ్ళు దాటి రికార్డు కొట్టింది ఈ పద్ధతితోనే. ఇలాంటి పడవలో ప్రాప్ నెట్టడంతో సరిపెట్టుకోదు, పడవ వెనక భాగాన్ని మోస్తుంది కూడా. సగం నీళ్ళలో, సగం గాలిలో తిరుగుతుంది. ఒక రెక్క నీళ్ళలోకి దిగుతుంటే రెండోది బయటికొస్తుంది.

ఇక లెక్క. మోటారు 2000 కేవీ, అంటే వోల్టుకు నిమిషానికి 2000 చుట్లు. నాలుగు సెల్లుల లిపో బ్యాటరీ 14.8 వోల్టులిస్తుంది. నీటి బరువు మీద పడ్డాక చుట్లు తగ్గి 24,000 దగ్గర నిలుస్తాయనుకుంటే, సెకనుకు 400. ఎక్స్442తో అది గంటకు 84 కిలోమీటర్ల పైచిలుకు. నీళ్ళు బోల్టును పట్టుకున్న నట్టు కావు గనక, జారుడు కింద పదిహేను శాతం తీసేస్తే 72.

మరి 45 మిల్లీమీటర్ల ప్రాప్ వేస్తే ఇంకా వేగం రాదా అని అడిగాను. అతను కాగితం మీద ఒక్క సూత్రం రాసి నా వైపు తిప్పాడు. పిచ్ నిష్పత్తీ చుట్లూ మారకపోతే ప్రాప్ మింగే శక్తి వ్యాసపు అయిదో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 42 నుంచి 45కి వెళితే పెరిగింది మూడు మిల్లీమీటర్లే, మోటారు మీద బరువు మాత్రం 41 శాతం పెరుగుతుంది. అదే 40కి దిగితే 22 శాతం తగ్గుతుంది. గోరు మందం లోహం దగ్గర మోటారు బతకడమో కాలిపోవడమో తేలిపోతుంది. ఈ ఆటలో అనుభవమున్నవాళ్ళు చిన్న ప్రాప్‌తోనే మొదలుపెట్టి పైకి వెళ్ళేది ఇందుకే. నాకు ఈ ఓపికే పనితనానికి మొదటి గుర్తుగా కనిపించింది.

ప్రాప్ చరిత్ర మొదట్లోనే ఇలాంటి పాఠం ఒకటుంది. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఇంగ్లీషు రైతు 1836లో మర ప్రొపెల్లర్‌కు పేటెంటు తీసుకున్నాడు. రెండు పూర్తి చుట్ల పొడవున్న చెక్క మర అది. 1837లో లండన్‌లో, పాడింగ్‌టన్ కాలువలో నడుపుతుంటే అందులో సగం విరిగిపోయింది. పడవ ఆగలేదు సరికదా, ముందుకన్నా వేగం అందుకుంది. పెద్ద మర ఎక్కువ నెడుతుందన్న ఊహ ఆ కాలువలోనే తేలిపోయింది.

తార్నాక గదిలో జరుగుతున్నదీ తీసేసే పనే. ముందుగా ఎక్స్442 రెక్కల ముందు అంచుకు మార్కర్ పెన్నుతో నల్లగా పూశాడు, ఆకురాయి ఎక్కడ తగిలిందో కనపడటానికి. తర్వాత ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి ప్రాప్‌ని అందులో ముంచాడు. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు పెద్ద హాని చేస్తుంది. అందుకే అరగదీయడం అంతా తడిలోనే జరగాలి, ముక్కుకు మాస్కు ఉండాలి, పళ్ళెంలో మిగిలిన మడ్డిని తడిగుడ్డతో తుడిచి తియ్యాలి. ఈ జాగ్రత్తల్లో ఒక్కటి కూడా అతను వదల్లేదు.

నీటిని వెనక్కి నెట్టే వైపు, అంటే ఒత్తిడి పడే ముఖాన్ని అతను ముట్టుకోలేదు. పిచ్ ఉన్నదంతా ఆ ముఖం వంపులోనే. లోహం తీస్తున్నది అవతలి వైపు నుంచి, ముందు అంచు దగ్గర. ఆకురాయి ఒకే దిశలో వెళుతోంది, ఎప్పుడూ వెనక్కి రావట్లేదు. నల్లరంగు సన్నగా, సమంగా చెరుగుతూ అంచు దాకా వచ్చింది. వెలుతురుకెత్తి చూశాడు. మొద్దు అంచు మీద వెలుగు పడితే తెల్లటి గీత మెరుస్తుంది, పదునెక్కితే ఆ గీత కనిపించదు. గీత మాయమవగానే ఆపేశాడు.

"ఇగ చాలు సార్. ఇంకో గీత తీస్తే రెక్క పల్చబడి ఒంగుతది."

ఆ రెక్క సెకనుకు 400 సార్లు నీటిని కొడుతుంది. మొద్దుగా ఉంటే ప్రతి దెబ్బకూ కొంత శక్తి చిమ్మడంలోనే పోతుంది, పదునుగా ఉంటే నీటిని కోసుకుంటూ దిగుతుంది. వెనక అంచును మాత్రం మందంగానే ఉంచుతారు. రెక్క నీళ్ళలోకి దిగుతూ వెంట గాలిని కూడా లాక్కెళుతుంది. ఆ మందపు అంచు దగ్గర నీరు రెక్కను వదిలి, వెనక గాలి నిండిన ఖాళీ ఏర్పడుతుంది.

ఈ గాలి సంగతి కొంచెం ఆగి చెప్పాలి. పూర్తిగా మునిగి వేగంగా తిరిగే ప్రాప్ దగ్గర ఒత్తిడి ఎంతగా పడిపోతుందంటే, మామూలు వేడి దగ్గరే నీరు మరిగి బుడగలు కడుతుంది. అవి కూలేటప్పుడు లోహాన్ని గుంటలు పడేలా తినేస్తాయి. చార్లెస్ పార్సన్స్ టర్బైన్ ఓడ టర్బీనియా 1894లో మొదటి పరీక్షల్లో తడబడింది దీనివల్లే. ఆయన చిన్న నీటి తొట్టె కట్టి బుడగలను కళ్ళారా చూసి, చివరికి మూడు షాఫ్టుల మీద తొమ్మిది ప్రాప్‌లు పెట్టాడు. 1897లో అది 34 నాట్లు, అంటే గంటకు 63 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తింది. మన విశాఖలో 1969లో ఏర్పడిన నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో నమూనాలను లాగి చూసే 500 మీటర్ల పొడవైన నీటి తొట్టె ఉంది, ఈ బుడగలను పరిశీలించే సొరంగం కూడా ఉంది. యుద్ధనౌక ప్రాప్‌కు బుడగ శత్రువు, చప్పుడు చేసి పట్టిస్తుంది. రేసింగ్ పడవ ఆ శత్రువును మరో దారిలో తప్పించుకుంటుంది: ఆవిరికి బదులు గాలిని రానిస్తుంది. గాలి ఖాళీ ఆవిరి బుడగలాగా హింసగా కూలదు, లోహాన్ని తినదు.

తర్వాత తూకం. రెండు అయస్కాంతాల మధ్య నిలిచే సన్నటి ఇరుసుకు ప్రాప్ తొడిగాడు. బరువైన రెక్క నెమ్మదిగా కిందికి దిగింది. ఆ రెక్కను, అదీ ఒత్తిడి లేని వైపునే, తడి ఎమెరీతో నాలుగు రాపిడులు రుద్ది మళ్ళీ తొడిగాడు. ఇరుసు నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో నూరు మిల్లీగ్రాములు ఎక్కువున్నా, సెకనుకు 400 చుట్ల దగ్గర అది షాఫ్టును దాదాపు కిలో బరువంత బలంతో పక్కకు లాగుతుంది. ఆ వీధులకు దగ్గర్లోనే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, పోషకాహార పరిశోధన సంస్థ ఎన్‌ఐఎన్ ప్రయోగశాలల్లో మిల్లీగ్రాముల తూకం రోజువారీ పని. ఇక్కడ తరాజు లేదు. ఎలా తిప్పి వదిలినా ప్రాప్ వదిలిన చోటే నిలబడటమే కొలత. అలా నిలిచే దాకా అతను మాట్లాడలేదు.

తర్వాత పడవను నీళ్ళ మీదికి తెచ్చి మొదట ఎక్స్440 వేశాడు. నిమిషం లోపే ఒడ్డుకు తెప్పించి, మోటారు, స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ వేడిని ఒక్కొక్కటిగా చూసి నోటుబుక్కులో రాసుకున్నాడు. మూడూ గోరువెచ్చగానే ఉన్నాయి. ఎక్స్442 వేశాక పడవ స్పష్టంగా వేగం అందుకుంది, వెనక భాగం తేలిగ్గా లేచింది. కానీ మోటారు చెయ్యి పెట్టనివ్వలేదు.

42 పెద్దదన్న మాట, 40 చిన్నదన్న మాట. మధ్యలో 41 కావాలంటే చేసుకోవాల్సిందే. వ్యాసం తగ్గించడం ఒక దారి. హబ్ దగ్గర రెక్క వెనక్కి పొడుచుకొచ్చే నాలుకను కోసేయడం ఇంకో దారి. వ్యాసం అలాగే ఉండి బరువు తగ్గుతుంది. అతను నాలుకనే ఎంచుకున్నాడు. రెండు రెక్కల మీదా వెర్నియర్‌తో ఒకే కొలతకు గీత గీసి, అర మిల్లీమీటరు మాత్రం తీసి, మళ్ళీ అయస్కాంతాల మధ్యకు ఎక్కించాడు. ఎక్స్642 జోలికి ఇప్పట్లో పోనన్నాడు. ముందు 442తో మోటారు వేడి 60 డిగ్రీల లోపుకు రావాలి.