పోర్చుగీసు కృదంతనామములు: కర్తృకర్మ వివేచనము

పోర్చుగీసు భాషలో ‘దె’ యనగా షష్ఠి, ‘పోర్’ అనగా తృతీయ. విభక్తులకు అలవాటుపడిన మనకు ఈ సమీకరణము సులభముగా తోచును. కాని ధాతుజన్యములైన నామముల కడ ఇది నిలువజాలదని మా వాదము.

‘ఆ షెగాద దు రెయ్’ అనగా రాజు రాక. ఇచట రాజు కర్త. ‘ఉ అససినాతు దు రెయ్’ అనగా రాజు హత్య. ఇచట రాజు కర్మ. (‘దు’ అనునది ‘దె’కు ఉపపదము చేరిన రూపము.) మన తెలుగుననూ ఇంతియే గదా! రాక అకర్మకము కనుక కర్తయే మిగిలినది; హత్య సకర్మకము కనుక షష్ఠి కర్మను వరించినది. ఆ కర్తను కూడ చెప్పవలసినచో ‘పోర్’ వచ్చును. 1908లో లిస్బను నగరమున జరిగిన కార్లుష్ రాజు హత్యను ‘ఉ అససినాతు దు రెయ్ పోర్ బుయీస’ అని చెప్పవచ్చును: బుయీసచేత రాజుయొక్క హత్య.

ఇది చూచినవారికి పాణిని వెంటనే స్ఫురించును. కృద్యోగమున కర్తకును కర్మకును షష్ఠి ప్రాప్తించినపుడు కర్మకే దానిని విధించి, కర్తను తృతీయకు విడిచినవాడు ఆయన. పోలిక ముచ్చటైనదే. కాని పాణిని పోర్చుగీసునకు సూత్రములు వ్రాయలేదు. ఇచట ఆగినచో తప్పుదారి పట్టుదుము.

ఏలయన, ‘ఉ అమోర్ దె పెద్రు పోర్ ఇనేశ్’ అను పదబంధమును పరిశీలింపుడు. 1355లో వధింపబడిన ఇనేశ్ పై పెద్రుకు గల ప్రేమ అని దీని యర్థము. ఇచట ‘దె’ కర్తను, ‘పోర్’ కర్మను సూచించినవి! విభక్తిచిహ్నములు అవియే, కారకములు తారుమారైనవి. ‘అమార్’ ధాతువు సకర్మకమే కనుక సకర్మకాకర్మక భేదము దీనిని తీర్చజాలదు. హత్యలో ఫలము కర్మను తాకి దాని స్థితిని మార్చును. ప్రేమలో మార్పు ప్రేమించువానియందే. ప్రేమింపబడునది మనోవృత్తికి ఆలంబనము మాత్రమే. కనుకనే సంస్కృతము కూడ స్నేహశబ్దమునకు సప్తమిని కోరును. ‘ఉ సెవ్ అససినాతు’ అని సర్వనామముతో అన్నచో సాధారణముగా హతుడే తోచును. ‘ఉ సెవ్ అమోర్’ అన్నచో ప్రేమించువాడే.

అయినను ఇది కఠినశాసనము కాదు. ‘ఉ అమోర్ దె దేవుశ్’ అనునది దేవుడు చూపు ప్రేమయు కావచ్చును, దేవునిపై ప్రేమయు కావచ్చును. లాటినుననూ ఈ సందిగ్ధత కలదు. రెండవ యర్థమే స్పష్టము కావలసినచో ‘దె’ను వదలి ‘ఆ’ను వాడుదురు. ఇక ‘కొంస్త్రుసాఁవ్’ వంటివి నిర్మాణక్రియను గాక కట్టడమును తెలుపునపుడు కారకాపేక్షయే సడలును. వానిని ఈ చర్చలో చేర్చరాదు.

విభక్తుల బెడద లేని మార్గ మొకటి ఆ భాషలో కలదు. ‘ఉ పెద్రు అమార్ ఇనేశ్’ అన్నచో కర్త మునుపటివలెనే నిలుచును, కర్మ ఏ ‘దె’ను కోరదు. మన ‘పెద్రు ఇనేశును ప్రేమించుట’ దీనికి మిక్కిలి దగ్గర. అయితే మన ‘ట’వర్ణకము పురుషవచనములను ఎరుగదు, పోర్చుగీసు తుమున్నంతమో, ‘షెగారెమ్’ అన్నమాత్రముననే ‘వారు వచ్చుట’ యని కర్తను తనలోనే తెలుపును.