ఒప్పుకోలు నిజమునకు కొలత యగునా?

ప్రయోగశాలకు క్రొత్త త్రాసు వచ్చినచో మనము వెంటనే దానిని నమ్మము. బరువు ముందే తెలిసిన రాళ్ళను పళ్ళెములో నుంచి, అది సరిగా చూపుచున్నదో లేదో పరీక్షింతుము. మనుష్యుని నోటినుండి నిజమును రాబట్టు పద్ధతికిని ఇట్టి పరీక్ష అవసరమే కదా! ఈ దృష్టితో ఒక ప్రసిద్ధ గ్రంథమును పరిశీలింతము.

అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రాచార్యుడైన ఫ్రెడ్ ఇన్‌బావ్, షికాగో పోలీసు శాఖలో లై డిటెక్టరు నిపుణుడుగా పనిచేసిన జాన్ రీడ్ కలిసి, నేర విచారణను గూర్చియు ఒప్పుకోళ్ళను గూర్చియు 1962లో ఒక గ్రంథమును ప్రకటించిరి. అందలి పద్ధతికి రీడ్ పేరే స్థిరపడినది.

మొదట గ్రంథములోని మేలును చెప్పుట న్యాయము. కొట్టి నేరము ఒప్పించుటను రచయితలు నిరాకరించిరి. నిర్దోషిచేత నేరము ఒప్పించునట్టి పని ఏదియు చేయరాదని హెచ్చరించిరి. లాఠీకి బదులు మాటను నిలిపిరి. ఇది చిన్న మేలు కాదు.

ఇక పద్ధతి యెట్టిది? అనుమానితుని తనవారికి దూరముగా, టెలిఫోను లేని గదిలో ఒంటరిగా కూర్చుండబెట్టుదురు. అతని చూపు, కూర్చున్న తీరు, మాటలోని తడబాటు గమనించి, అతడు అబద్ధమాడుచున్నాడో లేదో అధికారి ఊహించును. దోషియని తోచినచో ఆపైన నిజమైన ప్రశ్న యుండదు. “నీవే చేసితివి” అను నమ్మకమును అధికారి పదే పదే కనబరచును. కాదనబోయిన మాటను సాగనీయడు. పిమ్మట “నీ స్థితిలో ఎవరైనను అట్లే చేసియుందురు” అని నేరమును తేలికపరచి, ఒప్పుకొనుటకు దారి చూపును. లేని సాక్ష్యమును ఉన్నదని నమ్మించుటయు ఇందులో నొక ఉపాయము.

ఈ పద్ధతిలో మొదటి మెట్టే బలహీనమైనది. మొగము చూచి అబద్ధమును కనిపెట్టగలమా? ఈ విషయముపై జరిగిన అనేక ప్రయోగముల ఫలితములను బాండ్, డిపాలో అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒకచోట చేర్చి చూచిరి. నూటికి 54 సారులు మాత్రమే మనుష్యుల అంచనా సరియైనది. నాణెమును ఎగురవేసినను 50 వచ్చును. వృత్తిరీత్యా అబద్ధములను వెదకువారు కూడ ఇతరులకంటె మిన్నగా తేలలేదు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయుదురు గాక. 100 మంది అనుమానితులలో 10 మంది దోషులనుకొందము. నూటికి 54 పాళ్ళు సరియైన అంచనాతో దోషులలో సుమారు 5 గురు పట్టుబడుదురు. నిర్దోషులు 90 మందిలో నూటికి 46 వంతున, సుమారు 41 మంది అబద్ధీకులుగా ఎంచబడుదురు. లోపలి గదికి పోవు 46 మందిలో 41 మంది ఏ పాపము నెరుగనివారే!

అయినను నిర్దోషి ఒప్పుకొనునా? కాసిన్, కీషెల్ అను పరిశోధకులు 1996లో ప్రకటించిన ప్రయోగమును చూడుడు. కంప్యూటరుపై అక్షరములు కొట్టుచున్న విద్యార్థులతో, ఒక మీటను తాకరాదని ముందే చెప్పిరి. కొంతసేపటికి యంత్రము నిలిచిపోయెను. “ఆ మీటను నొక్కితివి” అని నింద మోపిరి. నిజమునకు ఎవరును నొక్కలేదు. అయినను నూటికి 69 మంది ఒప్పుకోలు కాగితముపై సంతకము చేసిరి. మీట నొక్కుట హత్యతో సమానము కాదను ఆక్షేపణ సమంజసమే. కాని హత్య విషయములోను ఇట్లు జరిగినది.

1955 డిసెంబరులో నెబ్రాస్కా రాష్ట్రమందలి లింకన్ నగరములో ఒక యువతి హత్యకు గురియయ్యెను. ఆమె భర్తను రీడే స్వయముగా గంటలతరబడి ప్రశ్నించి ఒప్పించెను. మరునాడే అతడు ఆ మాటను కాదనెను. అయినను 1956లో యావజ్జీవ శిక్ష పడెను. పై గ్రంథము వెలువడిన నాటికి అతడు చెరసాలలోనే యుండెను. ఆ హత్య తానే చేసితినని మరియొక నేరస్థుడు తన న్యాయవాదులకు చెప్పిన సంగతి, 1988లో వాడు మరణించిన పిమ్మట బయటపడెను. 2012లో రాష్ట్రము ఆ భర్తను నిర్దోషిగా అంగీకరించి, క్షమాపణ చెప్పి, 5 లక్షల డాలర్లు పరిహారమిచ్చెను.

ఈ పద్ధతికి దోషులును లొంగుదురు, నిజమే. కాని ఉన్న బరువునకును లేని బరువునకును ఒకే అంకె చూపు త్రాసును మనమేమి చేయుదుము?

ఇది దూరదేశపు పోలీసుల మాట మాత్రమే కాదు. కొన్నేండ్ల క్రిందట మా ప్రయోగశాలలో ఒక గాల్వనామీటరు చుట్ట కాలిపోయెను. దానిని చివరగా వాడినవాడు ఇంటర్మీడియట్ విద్యార్థి. వానిని నా గదిలో నిలబెట్టి, “నువ్వేనని నాకు తెలుసు. ఒప్పుకుంటే ప్రిన్సిపాలుగారి దాకా పోనివ్వను” అంటిని. పావుగంటలో “నేనే సార్” అనెను. డబ్బు కట్టించితిని. నెల తిరుగకముందే అదే బల్లపై రెండవ గాల్వనామీటరును కాలెను. చూడగా, దానిని కాపాడవలసిన నిరోధపు పెట్టెలో తీగలు లోలోపల కలిసిపోయియున్నవి. నేను పిల్లవాని మొగమును పరీక్షించితినే గాని పెట్టెను పరీక్షింపలేదు. డబ్బు తిరిగియిచ్చి, ఏల ఒప్పుకొంటివని అడిగితిని. “మీకు తెలుసన్నారు గదా సార్. ఒప్పుకుంటే ఇంటికి పోనిస్తారనుకున్నాను” అనెను.

మన శాసనకర్తలు ఈ అపాయమును ఏనాడో గుర్తించిరి. పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుకోలును నిందితునిపై రుజువుగా చూపరాదని 1872 నాటి సాక్ష్య చట్టములోని 25వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను, 23వ సెక్షనులో, ఈ నియమము నిలిచినది. నిందితుడు కస్టడీలో చెప్పిన మాటవలన ఏదైన వస్తువు దొరికినచో, దానికి సంబంధించినంత మేరకే ఆ మాట చెల్లును.

ఇంగ్లండులో 1984 నాటి చట్టము తరువాత ఠాణాలలోని విచారణలను ధ్వనిముద్రణ చేయుట వాడుకలోనికి వచ్చెను. 1990 దశకపు తొలి సంవత్సరములలో పోలీసులకు ‘పీస్’ అను శిక్షణ మొదలయ్యెను. ఇందులో ఒప్పుకోలు లక్ష్యము కాదు. అనుమానితుని పూర్తిగా చెప్పనిచ్చి, ఆ మాటను ఇతర ఆధారములతో పోల్చి, తేడా కన్పించినచోట మరల అడుగుదురు. ముద్రణ యుండుటచేత విచారణ ఎట్లు జరిగినదో ఇతరులును పరీక్షింపగలరు. రీడ్ గ్రంథములోని హెచ్చరికను కాపాడు పనిని ప్రశ్నించు అధికారికే వదలిరి. ఇక్కడ ఆ పని పదిమంది చేతికి వచ్చినది.

తరగతిలో వస్తువు పోయినప్పుడు, పరికరము విరిగినప్పుడు ఉపాధ్యాయుడును దర్యాప్తు అధికారియే. నేనిప్పుడు “ఎవరు చేశారు?” అని మొదలుపెట్టను. “ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు” అందును. పిల్లవాడు చెప్పుచుండగనే నిరోధపు పెట్టెను తెప్పించి, మూత విప్పి చూతును.