వాకిటి కట్టడం: లండన్ లాడ్జి, విజయనగరం నగారాఖానా – తులనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగు వ్యవహారంలో ‘లాడ్జి’ అంటే అద్దెకు గది దొరికే చోటు. పందొమ్మిదవ శతాబ్దపు లండన్‌లో ఈ మాటకు మరొక అర్థం ఉంది: తోట వాకిట కావలివాడు కాపురముండే చిన్న ఇల్లు. ఆ నగరంలోని చతురస్రాకారపు తోటలు అనేకం చుట్టుపక్కల ఇళ్లవారికే పరిమితం. తాళంచెవులు వారి వద్దనే ఉండేవి. పార్కులకూ ఇటువంటి వాకిటి ఇళ్లుండేవి. 1820లలో డెసిమస్ బర్టన్ హైడ్ పార్కు ద్వారాల వద్ద లాడ్జీలు నిర్మించాడు. వాకిటి కట్టడం ఎవరిని ఆపుతుంది, ఎవరితో మాట్లాడుతుంది అనే ప్రశ్నతో విజయనగరం కట్టడాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నగారాఖానా

1713లో శంకుస్థాపన జరిగిన విజయనగరం కోటకు తూర్పు ద్వారం ప్రధానమైనది. అక్కడి నగారాఖానా నుండి నగారా మోగించి రాజాజ్ఞలను, అతిథుల రాకను ప్రజలకు చాటేవారు. లాడ్జి లోపలివారి ఏకాంతాన్ని కాపాడింది. నగారాఖానా లోపలి మాటను ఊరికి వినిపించింది. రెండూ అధికారానికి వాకిళ్లే. కానీ రెండవదానిలో వినేవారు లేనిదే కట్టడానికి అర్థం లేదు. కనుక దానిని కేవలం ప్రవేశద్వారంగా వర్ణించడం అసమగ్రం.

3. వాకిలి దాటిన కట్టడాలు

కలుషిత జలం వల్ల కలరా ప్రబలిన లండన్‌లో ఉచితంగా మంచినీరు అందించడానికి 1859లో ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం ద్వారా 1867లో హైడ్ పార్కులో వెలసిన ఒక మంచినీటి కట్టడం విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు దానం. కావలివాని ఇళ్లున్న పార్కులోనే, దాహమే అర్హతగా ఎవరికైనా నీరిచ్చిన కట్టడమిది. మన చలివేంద్రపు ధర్మం అక్కడ రాతి రూపం దాల్చిందని భావించవచ్చు. 1964లో దానిని తొలగించారు.

విజయనగరంలో 1885 నాటి గంటస్తంభం అష్టకోణాకృతిలో, కోట వెలుపల, బజారు నడుమ నిలిచింది. నగారా రాజు మాటను చాటింది. గంట అందరికీ ఒకే వేళను చెప్పింది. చాటింపు కోట వాకిలి నుండి కూడలికి మారడమే ఇందులోని చారిత్రక పరిణామం.

4. ముగింపు

1869 నాటి మోతీ మహల్ 2020లో నేలమట్టమైంది. మహలుకే ఆ గతి పట్టినప్పుడు వాకిటి కట్టడాల మాట చెప్పనక్కరలేదు. వాటి కొలతలను, శాసనాలను, వాటిని ప్రజలు పిలిచే పేర్లను ఇప్పుడే నమోదు చేయాలి. రాజు ఎలా నివసించాడో మహలు చెబుతుంది. ఊరితో ఎలా మాట్లాడాడో వాకిలి చెబుతుంది. ఈ రెండవ చరిత్ర ఇంకా రాయవలసి ఉంది.