న్యూ టౌన్ సభలలో వినిపించని భట్టిప్రోలు

కోల్‌కతా తూర్పు అంచున, రాజర్‌హాట్ రైతుల పొలాలను సేకరించి నిర్మించిన న్యూ టౌన్ నేడు విశ్వవిద్యాలయాల పట్టణం. ఆలియా, సెయింట్ జేవియర్స్, సిస్టర్ నివేదిత విశ్వవిద్యాలయాలకు, ప్రెసిడెన్సీ రెండవ ప్రాంగణానికి అదే నెలవు. ఇటువంటి ప్రాంగణాలలో పౌరులను కూడా ఆహ్వానించి జరిపే సభలకు దేశమంతటా ఒక మూస ఏర్పడింది. అస్తిత్వం, సాంకేతికత, సమాజం, ఆధ్యాత్మికత అనే నాలుగు మాటలను ఒకే వేదిక మీదికి తేవడం ఆ మూస. శాఖల మధ్య గోడలు దాటాలన్న ఉద్దేశం మెచ్చదగినదే.

లోపమంతా ఆ మాటలను అమర్చే వరుసలో ఉన్నది. సాంకేతికత వ్యాధి, ఆధ్యాత్మికత ఔషధం. సెల్‌ఫోన్ చెదరగొట్టిన చిత్తానికి సభాంతంలో కొద్ది నిమిషాల ధ్యానం. ‘మైండ్‌ఫుల్‌నెస్’ అనే పేరుతో సమ్యక్ స్మృతిని అష్టాంగమార్గం నుండి ఊడదీసి పంచుతున్నారు. అదే మార్గంలో సమ్యక్ ఆజీవం కూడా ఒక అంగమని చెప్పేవారు అరుదు. చెబితే ఆ యంత్రాలు ఎవరి శ్రమతో, ఎవరి లాభానికి నడుస్తున్నవో అడగవలసి వస్తుంది. ‘సమాజం’ అనే మాట అప్పుడు గాని బరువెక్కదు. సభ నిలిచిన నేల ఒకప్పుడు ఎవరిదన్న ప్రశ్న కూడా అప్పుడే పుడుతుంది.

కృత్రిమ మేధకు చైతన్యం ఉన్నదా అన్న చర్చ ఇంకొక ఉదాహరణ. మనిషిలో స్థిరమైన ‘నేను’ ఒకటి ఉన్నదని ముందే ఒప్పుకొని, అది యంత్రంలో ఉన్నదా లేదా అని వెదకుతారు. నాగసేనుడు మిళిందుని ముందు రథాన్ని భాగాలుగా విప్పి చూపింది ఆ ఒప్పుదలను ప్రశ్నించడానికే. అనాత్మవాదాన్ని చర్చ ముగింపులో అలంకారంగా తగిలించక, మొదటి ప్రశ్నగా నిలిపితే చర్చ దారే మారుతుంది.

ఈ నాలుగు మాటలకు ఆధారంగా నిలిచే వస్తువు ఒకటి అదే నగరంలో ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రే కృష్ణా మండలంలోని భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వగా, బ్రాహ్మీ లేఖనాలు గల రాతి ధాతుకరండాలు బయటపడినవి. బ్యూలర్ చదివిన ఆ శాసనాలు దక్షిణాది లిపి చరిత్రకు మూలస్తంభాలు. అక్కడ దొరికిన ధాతువును 1920లో బెంగాల్ గవర్నరు లార్డ్ రోనాల్డ్‌షే, మహాబోధి సొసైటీ పక్షాన సర్ అశుతోష్ ముఖర్జీకి అప్పగించాడు. కాలేజ్ స్క్వేర్‌లోని ధర్మరాజిక చైత్యవిహారంలో అది ప్రతిష్ఠితమైంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాళీ చదువుకు ఆసరాగా నిలిచినవాడూ ఆ అశుతోషుడే.

త్రవ్వకపు విద్య వెలికి తీసిన వస్తువు ప్రభుత్వ ఆస్తి అయింది. ప్రభుత్వం ఇచ్చాక మళ్లీ పూజ్యమైంది. లేఖనాలు ఒక చోట, ధాతువు మరొక చోట, స్తూపశేషం ఇంకొక చోట ఉండిపోయినవి. ఇప్పుడు ఆ ధాతువు ఎవరిది? భట్టిప్రోలు గ్రామానిదా, దానిని అర్చించే భిక్షుసంఘానిదా, పంచిపెట్టిన రాజ్యానిదా? అస్తిత్వం గురించి ఇంతకంటె సూటి ప్రశ్న దొరకదు. బోధగయ ఆలయం విషయంలోనూ ఇటువంటి తగవే నడిచింది. 1904లో నివేదిత, రవీంద్రనాథ్, జగదీశ్ చంద్ర బోస్ అక్కడికి వెళ్లేనాటికి ఆ తగవు తెగలేదు. ఆమె పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో దీనిని ఎత్తుకోవడానికి సంకోచం అనవసరం.

తెలుగు పరిశోధకులకూ ఇందులో పని ఉన్నది. ఆంధ్రదేశపు బౌద్ధాన్ని అమరావతి, నాగార్జునకొండ శిల్పసౌందర్యంగా చూపి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. శిల్పాన్ని మ్యూజియంలో చూసి రావచ్చు. ధాతువు విషయం అలా తేలిపోదు. న్యూ టౌన్‌లో ఒక పూట సభను దీనికే కేటాయించి, ముందుగా కరండ శాసనాలను చదివించి, ఆ తరువాత పురాతత్త్వజ్ఞునికి, భిక్షువుకు, భట్టిప్రోలు నివాసికి సమానమైన సమయం ఇవ్వవచ్చు. మిళిందుని సభలో రాజుగా గాక పండితునిగా వాదించాలన్నదే నాగసేనుడు పెట్టిన షరతు. ముఖ్య అతిథి ప్రసంగానికే సగం పొద్దు గడిచిపోయే మన సభలకు ఆ షరతు వెంటనే పనికివస్తుంది.