ఒక మనిషికి అయిదుగురు నటులు

ఎన్టీ రామారావు ఒక్కరే రెండు పాత్రల్లో కనిపించిన ‘రాముడు భీముడు’ 1964లో వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌లో ఏడ్రియన్ కెనెడీ అనే నల్లజాతి రచయిత్రి ఆ లెక్కను తిరగేసింది. పాత్ర ఒక్కటే, దాన్ని మోసే నటులు అయిదుగురు. నాటకం పేరు ‘ఫన్నీహౌస్ ఆఫ్ ఎ నీగ్రో’. సారా అనే విద్యార్థిని, ఆమెతో పాటు విక్టోరియా రాణి, హాప్స్‌బర్గ్ వంశపు డచెస్, ఏసుక్రీస్తు, కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబా రంగం మీదికి వస్తారు. ఆ నలుగురూ సారాయేనని పాత్రల పట్టికలోనే రాసి ఉంటుంది.

తల్లిది లేత ఛాయ, తండ్రి నలుపు. ఆ నలుపు తనలోనూ ఉందన్నదే సారా బాధ. నవలైతే దీన్ని పేజీలకొద్దీ మథనంగా రాసుకోవచ్చు. నాటకంలో ఆలోచనకు కూడా ఒళ్లు కావాలి. కెనెడీ రాణికీ డచెస్‌కూ ఒకే పోలికగల తెల్లని ముఖాలు పెట్టి, తల మీద మాత్రం ఉంగరాలు తిరిగిన నల్లజాతి జుట్టు ఉంచింది. ఆ జుట్టు ఊడిపోతూ ఉంటుంది. ఒకరు చెప్పిన మాటల్నే ఇంకొకరు అందుకుని కాస్త మార్చి చెబుతారు. కాసేపటికి, ఎవరి మాట ఎవరిదని వెతకడం మానేస్తాం. తండ్రిని చంపానంటుంది సారా. ఆమె ఉరివేసుకున్నాక, ఆ తండ్రి బతికే ఉన్నాడంటాడు స్నేహితుడు రేమండ్. ఏది నిజమో నాటకం తేల్చదు. తేల్చి ఉంటే ఇది మామూలు మనోవ్యాధి కథగా మిగిలేది.

సారాలా తనను తాను ఎదుటి తెల్లవాడి కళ్లతో చూసుకోవలసి రావడాన్ని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ 1903 నాటి ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’లో ద్వంద్వ చైతన్యమన్నాడు. అమెరికన్ రంగస్థలం మీద దానికి పాత చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల్లో తెల్ల నటులు కాల్చిన బిరడా మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించేవారు. తర్వాత వచ్చిన గొప్ప హాస్యనటుడు బెర్ట్ విలియమ్స్ స్వయంగా నల్లవాడు. ఆయనా ఆ మసి పూసుకునే నవ్వించాడు. ఇంతకన్నా చేదు వేషం ఉంటుందా?

నాటక రచయిత్రి సూజన్ లోరీ పార్క్స్ ఆ రంగును తిప్పికొట్టింది. ‘టాప్‌డాగ్/అండర్‌డాగ్’ నాటకంలో లింకన్ అనే నల్లవాడు పూట గడవడానికి ముఖానికి తెల్లరంగు పూసుకుని అధ్యక్షుడు లింకన్ వేషం కడతాడు. డబ్బిచ్చినవాళ్లు ఉత్తుత్తి తుపాకీతో కాల్చిపోతారు. తమ్ముడి పేరు బూత్, అంటే అధ్యక్షుణ్ని చంపినవాడి పేరు. ఇద్దరికీ తండ్రి వేళాకోళంగా పెట్టిన పేర్లే చివరికి వాళ్ల రాత అవుతాయి. ఈ నాటకానికి 2002లో పులిట్జర్ వచ్చింది. నాటక విభాగంలో దాన్ని అందుకున్న తొలి నల్లజాతి మహిళ పార్క్స్.

లోరెయిన్ హాన్స్‌బెరీ 1959 నాటి ‘ఎ రెయిజిన్ ఇన్ ది సన్’ వీటికంటే ఎక్కువమందికి తెలుసు. మంచి నాటకమే. కానీ అందులో తగువు ఒక ఇంట్లో మనుషుల మధ్య నడుస్తుంది. ఒకే మనిషిలో నడిచే తగువును చూపడంలో కెనెడీని మించినవాళ్లు నాకు కనబడలేదు. ఆమె నాటకం ‘ఒహాయో స్టేట్ మర్డర్స్’ తొలిసారి బ్రాడ్వే చేరింది 2022 డిసెంబరులో. అప్పటికి ఆమె వయసు 91.